పదిహేనేళ్ల నివాసం

చిక్కడపల్లి, హైదరాబాదు.
23-2-1969, ఆదివారం.

చిరంజీవి కుసుమకు నాన్న ఆశీస్సులు.

నాకు ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, మీ మామయ్యా, అత్తయ్యా, పిల్లలూ వాల్తేరులో కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసింది. అది మంగళవారమే అందింది. జవాబు ఆలస్యమైనందుకు బందులనూ రైళ్లనూ అనను. మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను.

నువ్వు అడిగినవాటిలో ఒక్కటే కష్టమైనది. అమ్మ ముల్కీ సర్టిఫికెట్, ఈ ప్రాంతపు నివాసి అన్న కాగితం. ఇక్కడి స్కూళ్లలో ఆంధ్ర టీచర్లను నెలాఖరుకు పంపించేస్తారనీ, ఆ ఖాళీలను పదిహేనేళ్లుగా ఇక్కడ నివాసమున్నవాళ్లతోనే నింపుతారనీ, అమ్మ కాగితం చూపిస్తే నీకూ స్థానికురాలినని ఒకటి ఇస్తారనీ రాశావు. బి.ఇడి. పరీక్షలు కాగానే హైదరాబాదు వచ్చేస్తానన్నావు. "నువ్వొక్కడివే అక్కడ ఉన్నావంటే నాకు ఇక్కడ అన్నం సయించడం లేదు నాన్నా" అని కూడా రాశావు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. దరఖాస్తుకు గడువు మార్చి అయిదు అన్నావు కాబట్టి ఈ ఉత్తరం ఇవాళ పూర్తి చేస్తాను.

భోజనం సంగతి. వంట నేనే చేసుకుంటున్నాను. అన్నం కుదురుతోంది. చారులో ఉప్పు ఒక్కోరోజు మరిచిపోతాను. గిన్నెలు తోమడానికి ఈదమ్మ వస్తోంది. మొన్న పెరట్లో నిలబడి, "ఒక్క మనిషికి గిన్ని గిన్నెలేందయ్యా? అమ్మ ముగ్గురికి వండినా గిన్ని పడకపోతుండె" అంది. "అందులో రెండు నేను మాడ్చినవి" అన్నాను. ఆమె చాలాసేపు నవ్వింది.

భయం సంగతి. రాళ్లు పడుతున్నాయి, నిజమే. నారాయణగూడ చౌరస్తాలో రెండుసార్లు లాఠీచార్జి చూశాను. కాలేజీలు తెరిచామంటారు, మధ్యాహ్నానికి మూసేస్తారు. బస్సులు లేని రోజున కవాడిగూడ మీదుగా టాంక్‌బండ్ ఎక్కి బేగంపేట దాకా నడుస్తాను. వాతావరణ శాఖకు సెలవు లేదు. వాన పడని రోజున కూడా కొలపాత్ర చూసి సున్న రాయాలి. దారిలో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఒకరోజు ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు ఆపి పేరడిగారు. చెప్పాను. "పొండి సార్, జర జల్ది పొండి, అటు గడబిడ ఉన్నది" అని సందు దారి చూపించారు. పత్రికలు వాళ్లను రౌడీలంటున్నాయి. ఈ పూట పత్రికలో చదివినదీ నిన్న కళ్లారా చూసినదీ ఒకటిగా ఉండటం లేదు.

ఏం చదువుతున్నావని అడిగావు. ఆదివారాలు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తున్నాను. అమ్మ కూర్చునే కిటికీ వైపు కాకుండా అవతలి బల్ల దగ్గర కూర్చుంటాను. ఒక పాత వకీలు రాసుకున్న జ్ఞాపకాలు దొరికాయి. అట్ట ఊడిపోయింది, పేరు కూడా సరిగా తెలియడం లేదు. మూడువందల పేజీల పుస్తకంలో ఆయన భార్య పోవడం ఒక్క వాక్యం. ఫలానా సంవత్సరం ఆమె గతించింది, ఆ వేసవి కోర్టుకు వెళ్లలేదు, అంతే. ఇదివరకైతే ఈ మనిషికి మనసు లేదనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ వాక్యం రాయడానికి ఎన్నాళ్లు పట్టిందో అనుకుంటున్నాను.

అదే పుస్తకంలో ఇంకో మాట ఉంది. తన అనుభవంలో డబ్బు తీసుకుని అబద్ధం చెప్పిన సాక్షి ఎక్కడో ఒకచోట తడబడేవాడట. స్నేహం కోసం అబద్ధం చెప్పడానికి వచ్చినవాడు మాత్రం ఎంత అడిగినా తడబడేవాడు కాదట. వాడికి తాను మంచిపని చేస్తున్నాననే ధైర్యం ఉంటుందట. ఆ పేజీ చదివి పుస్తకం మూసి ఇంటికి వచ్చేశాను. నీ ఉత్తరం వచ్చే ముందు ఆదివారం అది.

జోగారావుగారి సంగతి అడిగావు. అశోక్‌నగర్‌లో వాళ్ల ఇంట్లో సామాను కడుతున్నారు. రత్నమాల పిన్నికి ఉత్తర్వు వచ్చింది. నెలాఖరున రిలీవు అవుతుంది. ఏలూరులో వేస్తారట. ఆమె దరఖాస్తులో తాము కృష్ణా జిల్లా వాళ్లమని ఉన్నది ఉన్నట్టు రాసింది. అప్పట్లో లెక్కల టీచర్లు దొరక్క తీసుకున్నారు. ఇప్పుడు పొమ్మన్నారు. బుధవారం పొద్దున వెళ్లి పుస్తకాల పెట్టెలకు తాళ్లు బిగించడంలో సాయం చేశాను.

జోగారావుగారు పెట్టె మీద కూర్చుని, "మీకేమండీ, మీరు ముల్కీవారు! మేమే మొన్న దిగినవాళ్లం" అన్నారు.

"ఊరుకోండి" అంది పిన్ని.

"ఎందుకు ఊరుకోవాలి? ఇద్దరం ఒకే ఏడు, ఒకే రైల్లో దిగాం. కాజీపేటలో కాఫీ కూడా ఒకే గ్లాసుతో పంచుకున్నాం. ఆయనేమో పదిహేనేళ్ల నివాసి అయ్యారు, నేను నాలుగేళ్ల దగ్గరే ఆగిపోయాను. ఏం తిని పెరిగారో కనుక్కో!"

ఆయన నవ్వుతూనే అన్నారు. పిన్ని నవ్వలేదు. నేనూ నవ్వలేదు. తాడు ముడి మళ్లీ విప్పి కట్టాను.

ఆ సాయంత్రమే మన సందులోకి విద్యార్థులు వచ్చారు. ఆరేడుగురు. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు ఎవరికున్నాయో జాబితా రాస్తున్నారు. నేను మేడమీద కిటికీ దగ్గర ఉన్నాను. కింద బాలకిషన్ గుమ్మంలో నిలబడి మాట్లాడాడు.

"అన్నా, మీ ఇంట్ల ఆంధ్రోళ్లు కిరాయికి ఉన్నరట గదా?"

"ఉన్నరు. మా నాయిన ఉన్నప్పటి సంది ఉన్నరు. మీరు లాగులు తొడగకముందు వచ్చిన్రు."

"ఆయన భార్య నారాయణగూడల టీచర్ అట. కాయితం అసలుదేనా?"

"ఆమె చనిపోయి నాలుగు నెలలాయె. చనిపోయినామె కాయితం ఏం జేస్తరు, ఫ్రేము కట్టిస్తరా?"

"గట్ల కాదన్నా, ఆయన మాట వింటె తెలుస్తది..."

"పిలవాల్నా? నాకంటె మంచిగ ఉర్దూ మాట్లాడ్తడు. పిలుస్త. మల్ల మీకు సమజ్ కాకపోతె నన్ననొద్దు."

వాళ్లు నవ్వుకుని వెళ్లిపోయారు. బాలకిషన్ మెట్ల దగ్గరికి వచ్చి పైకి చూసి, "రావ్‌సాబ్, రేపటి సంది ఉర్దూ నేర్వాలె మీరు. నా ఇజ్జత్ కా సవాల్" అన్నాడు. ఒకప్పుడు మనకోసం సంతకం పెట్టినప్పుడు ఎంత ధైర్యంగా ఉన్నాడో ఇప్పుడూ అంత ధైర్యంగానే ఉన్నాడు. నాకు వకీలు మాట గుర్తొచ్చింది.

కుసుమా, ఇక సర్టిఫికెట్ సంగతి.

మనం ఈ ఊరు వచ్చింది 1957 జూన్‌లో. నీకు పదేళ్లు. 1961లో టీచర్ల ఖాళీలు పడ్డాయి. ఇరవై రెండు. పదిహేనేళ్లు ఇక్కడ ఉన్నామని రుజువు కావాలి. మనకు నాలుగేళ్లు. అప్పట్లో ఇలాంటి కాగితాలు చాలామంది పుట్టించుకున్నారు. ఇంటి యజమాని వాంగ్మూలం ఒకటి, మనది ఒకటి ఉంటే తహసీలు కచేరీలో పెద్దగా అడిగేవాళ్లు కాదు. నేను బాలకిషన్‌ని అడిగాను. వాళ్ల నాన్నగారి కాలం నుంచీ, అంటే 1945 నుంచీ, మనం ఈ ఇంట్లోనే అద్దెకున్నామని అతను సంతకం పెట్టాడు. దాని కింద నేను పెట్టాను. అమ్మ వద్దంది. ఒక్కసారే అంది. నేను వినలేదు. నా ఉద్యోగం కేంద్ర ప్రభుత్వానిది, దానికి ముల్కీతో పనిలేదు. ఇంట్లో రెండో జీతం వస్తుందనే ఆశ తప్ప ఇంకే అవసరమూ లేదు.

ఒకే భాషవాళ్లం, ఒకే రాష్ట్రం, ఎవరు స్థానికులు, ఎవరు కారు అని ఆఫీసులో గట్టిగా వాదించేవాణ్ణి. ఇక్కడివాళ్లకు ఇచ్చిన మాట ఒకటి ఉంది, దాన్ని తప్పుతున్నది నాలాంటివాళ్లేనని తెలిసి కూడా వాదించేవాణ్ణి.

బాలకిషన్ చెల్లెలు అరుంధతి కూడా ఆ ఏడే దరఖాస్తు పెట్టింది. ఆ సంగతి మాకు తెలుసు. ఇరవై రెండు ఖాళీల్లో ఇద్దరికీ రాకపోతుందా అనుకున్నాం. అమ్మకు వచ్చింది. అరుంధతికి రాలేదు. మరుసటిసారి ఖాళీలు పడేటప్పటికి ఆమెకు వయసు దాటిపోయింది. ఇప్పుడు రాంనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చెబుతుంది. సాయంత్రాలు కింద వసారాలో ట్యూషన్లు చెబుతుంది. అది నీకు తెలుసు. నీకు లెక్కలు చెప్పింది ఆమే.

1964లో స్కూల్లో తనిఖీ వచ్చింది. పాత ఫైళ్లు సర్దే పని హెడ్‌మిస్ట్రెస్ అమ్మకు అప్పగించింది. అందులో 1961 ఎంపిక జాబితా నకలు ఉంది. ఇరవై రెండో పేరు అమ్మది. దాని కింద గీత. గీత కింద మొదటి పేరు అరుంధతిది.

అమ్మ ఆ రోజు ఇంటికి వచ్చి కింద కూర్చోకుండా తిన్నగా పైకి వచ్చింది. రోజూ అరుంధతి దగ్గర ఓ పావుగంట కూర్చుని వచ్చే మనిషి. నాకు చెప్పింది. ఎవరికీ చెప్పవద్దని నేనన్నాను.

గురువారం సాయంత్రం, ట్యూషన్ పిల్లలు వెళ్లాక, నేను కిందికి దిగాను. బాలకిషన్ ఉర్దూ పేపరు చదువుతున్నాడు. అరుంధతి పలకలు సర్దుతోంది. జాబితా సంగతి నిలబడే చెప్పాను. కూర్చోమన్నారు గాని కూర్చోలేదు.

బాలకిషన్ పేపరు మడిచాడు. "అంటె... నా చెల్లె నోటికాడి బుక్క నేనే తీసిన్నా రావ్‌సాబ్?" అన్నాడు.

"నువ్వు ఊకో అన్నా" అంది అరుంధతి. "ఎవ్వలు అడిగినా దస్తకత్ పెట్టుడే నీకు. రేపు యముడొచ్చి అడిగినా పెడ్తవు." తరువాత నా వైపు తిరిగింది. "గా లిస్టుల నాది మొదటి పేరా?"

"అవునమ్మా."

"అక్కకు ఎప్పటి సంది ఎరుక?"

"అరవైనాలుగు నుంచి."

ఆమె పలకలు కింద పెట్టింది. "అరవైనాలుగు. గా ఏడే గదా అక్క రాంనగర్‌ల నాకు నౌకరి చూసింది. ట్యూషన్లకు పిల్లల్ని పంపింది. నాకు జరమొస్తె పది రోజులు కింద్నే పండింది. నేను... గదంతా అక్కకు నా మీద ప్రేమ అనుకున్న."

"ప్రేమేనమ్మా."

"మీరు ఒక మాటంటె ఇగ నేను నమ్మాల్నా అన్నా?"

ఆస్పత్రిలో అమ్మకు ఆఖరి వారం తల దువ్వింది అరుంధతి. ఆ సంగతి ముగ్గురికీ గుర్తుంది.

"మీ మనసుల బరువుండె, చెప్పుకున్నరు. మీకు తేలికైంది" అంది. "నాకేమైంది? నౌకరి ఎట్లనూ పాయె. ఉన్న ఒక్క అక్కను గూడ తీస్కపోతున్నరు. చచ్చిపోయినామె మల్ల చచ్చిపోయినట్టున్నది నాకు."

బాలకిషన్ లేచి లోపలికి పోయి మంచినీళ్లు తెచ్చి ఎవరికివ్వాలో తెలియక బల్లమీద పెట్టాడు.

"ఊకున్నదా అక్క? నాలుగేండ్లు ఎరుకుండి ఊకున్నదా?" అని అడిగింది.

అక్కడ నేను మౌనంగా ఉండిపోవచ్చు. ఉంటే ఆ తప్పు అమ్మ మీద ఉండిపోయేది. ఆ ఒక్క నిమిషంలో నాకు ఆ ఆలోచన కూడా వచ్చింది. అది కూడా నీకు తెలియాలి.

"ఊరుకోలేదు" అన్నాను. పైకి వెళ్లి బీరువాలోంచి ఒక కాగితం తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. అది అమ్మ రాసిన రాజీనామా. తారీకు 1966 జూన్ 13.

కుసుమా, అమ్మ స్కూలుకు రాసే ప్రతి దరఖాస్తూ ముందు నాకు ఇచ్చేది. ఇంగ్లీషు నేను దిద్దాలి, ఆమె మళ్లీ శుభ్రంగా రాసి ఇచ్చేది. పెళ్లయినప్పటి నుంచీ అదే పద్ధతి. ఈ రాజీనామా కూడా అలాగే ఇచ్చింది. తన స్థానం జాబితాలో తరువాతి అభ్యర్థికి చెందినదనీ, అందుకే వదులుకుంటున్నాననీ రాసింది. దిద్దడానికి అందులో ఏమీ లేదు. చూసి ఇస్తానని తీసుకుని ఆఫీసులో నా సొరుగులో, వాన పట్టికల కింద పెట్టాను. ఆమె పోయాకే దాన్ని ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టాను.

"చూశారా?" అని నాలుగుసార్లు అడిగింది. ఇంకా లేదన్నాను. నీ ఎం.ఏ. పూర్తి కానీ అన్నాను. నీ పేరు వాడుకున్నాను. కారణం నువ్వు కాదు. ఆ కాగితం వెళితే విచారణ వస్తుంది, వాంగ్మూలం కింద నా సంతకం బయటపడుతుంది, నా ఉద్యోగం పోతుంది. అదీ నా భయం. నేను ఇవ్వకపోయినా ఆమె ఇంకోటి రాసి ఇవ్వగలదు. కాని నన్ను దాటి ఇచ్చే మనిషి కాదు. అది తెలిసే దాచాను.

అయిదోసారి అడగలేదు. నిరుడు సెప్టెంబరులో, మంచం పట్టాక, ఒక మధ్యాహ్నం నేను మందు కలుపుతుంటే, "ఆ కాగితం ఇక చూడక్కర్లేదు లెండి" అంది. మామూలుగానే అంది. నేను చెంచాతో కలుపుతూనే ఉన్నాను.

ఆమె పోయి ఇవాళ్టికి నాలుగు నెలల పన్నెండు రోజులు. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

అరుంధతి ఆ కాగితం మొత్తం చదివింది. రెండోసారి మళ్లీ చదివింది. నేను విద్యాశాఖకు అంతా రాసి ఇస్తానన్నాను.

"రాస్తె ఏమైతది? నా వయసు తిరిగొస్తదా? అన్నను ఠాణాకు తీస్కపోతరు, గంతే" అంది. "ఇగ గా కాయితం పట్టుకొని ఇంకెవ్వలన్న నౌకరి ఎక్కుతున్నరా?"

నీ ఉత్తరం నా జేబులోనే ఉంది. "మా కుసుమ అడిగింది" అన్నాను.

"ఇస్తరా?"

"ఇవ్వను."

"నాకెందుకు చెప్తున్రు? గా పిల్లకు చెప్పున్రి. ఎందుకు ఇస్తలేరో అది గూడ చెప్పున్రి."

అమ్మ రాజీనామా ఆమె దగ్గరే ఉండిపోయింది. తిరిగి ఇవ్వలేదు. నేను అడగలేదు. నేను మెట్లు ఎక్కుతుంటే బాలకిషన్ వెనకనే వచ్చాడు. ఇల్లు ఖాళీ చెయ్యమంటే చేస్తానన్నాను. "చెయ్యమని నేనన్ననా? ఎటు పోతరు? జర నాకు నాలుగు దినాలు మాట్లాడకున్రి, అంతే" అన్నాడు. ఇవాళ్టికి మూడు రోజులు. పొద్దున్నే పేపరు చదివి వినిపించడానికి రావడం లేదు. సాయంత్రం వసారాలో ట్యూషన్ పిల్లల ఎక్కాలు మాత్రం మామూలుగా వినపడుతున్నాయి.

కాబట్టి సర్టిఫికెట్ పంపడం లేదు. చింపలేదు కూడా. ఎప్పుడైనా అడిగే హక్కున్నవాళ్లు అడిగితే చూపిస్తాను. నువ్వు ఆ దరఖాస్తు పెట్టవద్దు. నాకోసం రావాలనుకున్నావు, దాన్ని నేను కాదంటున్నాను. నీకు కోపం వస్తుంది. ఉద్యోగం గురించి రాకపోయినా అమ్మ గురించి వస్తుంది. రానీ. నీ ఎం.ఏ. కోసం ఆగమని ఆమెతో చెప్పినందుకు నీకు విడిగా కోపం రావాలి.

వాల్తేరుకు బదిలీ పెట్టుకోమన్నావు. పెట్టుకోను. జోగారావు దంపతులు నిజం రాసినందుకు వెళ్లిపోతున్నారు. అబద్ధం రాసినవాణ్ణి నేను, నాకై నేను సామాను సర్దుకుని సముద్రపు గాలికి పోవడం బాగుండదు. మనకు నిజంగా పదిహేనేళ్లు నిండేది 1972 జూన్‌లో. అప్పటికి ఈ నిబంధన ఉంటుందో లేదో, కోర్టులేమంటాయో, ఈ రాష్ట్రం ఒకటిగా ఉంటుందో రెండవుతుందో నేను చెప్పలేను. రెండు కావాలని అరుస్తున్నవాళ్లకు కారణం లేదని మాత్రం ఇక వాదించను.

అక్కడ దొరికిన ఉద్యోగంలో చేరు. మామయ్యకు ఈ ఉత్తరం చూపించాలనుకుంటే చూపించు.

వేసవి సెలవులకు రా. స్టేషనుకు నేను వస్తాను గాని, ఇంటికి వచ్చాక నువ్వు తిన్నగా పైకి రావద్దు. ముందు కింద తలుపు తట్టు. తీస్తే లోపలికి వెళ్లి కూర్చో. ఆమె ఏమంటే అది విను. అమ్మ గురించి అడిగితే నీకు తెలిసినంతా చెప్పు, ఆమెకు ఇప్పుడు నీ మాట తప్ప ఇంకెవరి మాటా పనికిరాదు. తీయకపోతే మర్నాడు మళ్లీ తట్టు.

ఇట్లు,
నిన్ను రమ్మనే హక్కు ఇంకా ఉందనుకునే
మీ నాన్న,
వీరరాఘవరావు